గొర్రె నెత్తురు చెప్పిన సాక్ష్యం

గత నెలలో మా వీధి మలుపులోని మందుల దుకాణం దగ్గర ఒక యువకుడు రక్తపరీక్ష కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఒకప్పుడు రక్తపరీక్షల పని చేసినవాణ్ణని దుకాణదారుడు చెప్పి ఉంటాడు. కాగితం నా చేతికిచ్చాడు. టైఫాయిడ్ పరీక్షలో ఎనభై రెట్ల పలుచన దాకా పాజిటివ్ అని ఉంది. జ్వరం ఎన్నాళ్ళుగా ఉందని అడిగాను. జ్వరమే లేదన్నాడు. ఉద్యోగంలో చేరే ముందు అన్ని పరీక్షలూ ఒకేసారి చేయించుకుంటే ఇది బయటపడిందట. రెండు వారాల మందులు కొనడానికి వచ్చాడు.

నేను ఎడమ కన్ను మూసి ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. అచ్చు కాగితాన్ని వెలుతురులో చూసినంత మాత్రాన కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆ భంగిమ నాది కూడా కాదు. తుంగభద్ర కాలువ నీళ్ళు కొత్తగా పారుతున్న రోజుల్లో రాయచూరులో నాతో పనిచేసిన ఒక మనిషిది. అరవైల నడుమ అని నా గుర్తు. సరిచూసుకోవడానికి నా దగ్గర కాగితం లేదు కనుక అంతకంటే గట్టిగా చెప్పను.

బజారు వెనక ఒక పాత మిద్దెలో మా ప్రయోగశాల ఉండేది. నేను బీయస్సీ పూర్తిచేసి కొత్తగా చేరాను. ఆయన అప్పటికే పాతికేళ్ళుగా అక్కడ ఉన్నాడు. నిజాం కాలంలో ఒక డాక్టరు దగ్గర సీసాలు కడగడానికి చేరి, కడుగుతూ కడుగుతూ పరీక్షలన్నీ నేర్చుకున్నవాడు. హోదాలో నాకంటే కింద. పనిలో నాకు గురువు. తరతరాలుగా రాయచూరులో ఉన్న తెలుగు కుటుంబం ఆయనది. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, అంకెలకూ కోపానికీ ఉర్దూ. వచ్చేపోయేవాళ్ళందరికీ ఆయన కాకా. ఆయన నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు. "ఏమయ్యా బీయస్సీ" అనేవాడు.

పొద్దున రాగానే నల్ల టోపీ మేకుకు తగిలించి, చెప్పులు గుమ్మం బయట విడిచి, చెవి వెనక సుద్దముక్క పెట్టుకునేవాడు. రోగుల రక్తరసంలో చంపిన క్రిములు కలిపి రాత్రంతా గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో ఉంచిన గాజు గొట్టాలను ఒక్కొక్కటిగా కిటికీ దగ్గరికి తెచ్చి, ఎడమ కన్ను మూసి, వెలుతురుకు పట్టుకుని, చిటికెనవేలి గోటితో అడుగున తట్టేవాడు. గొట్టం అడుగు నుంచి పలుకులు లేస్తే పాజిటివ్, పొగలాగా మబ్బు లేస్తే నెగెటివ్. అన్ని గొట్టాలూ చదివిందాకా తమలపాకు ముట్టేవాడు కాదు. చేయి పట్టుకుని చూసి టైఫాయిడ్ అవునో కాదో చెప్పగలడని బజారులో ఒక ప్రచారం ఉండేది. అది అబద్ధం. నేను పరీక్షించాను. జ్వరంతో వచ్చినవాళ్ళను చూసి ముందే చెప్పమని పందెం వేసినప్పుడు ఆయన చాలాసార్లు తప్పు చెప్పాడు. "గందుకే గదా గొట్టాలు పెట్టింది. చెయ్యి పట్టుకుంటే తెలిస్తే నాకు జీతం ఎందుకిస్తరు?" అని నవ్వాడు.

ప్రతి వరస చివరా ఆయన ఒక గొట్టం అదనంగా పెట్టేవాడు. అందులో ఎవరి రక్తరసమూ ఉండదు. ఉప్పునీళ్ళు, చంపిన టైఫాయిడ్ క్రిముల ద్రవం, అంతే. దానికి ఆయన పెట్టిన పేరు గవా. ఉర్దూలో గవా అంటే సాక్షి. క్రిములు తమంతట తామే ముద్దకడితే ఆ గొట్టం చెప్పేస్తుంది. అప్పుడు ఆ వరస మొత్తం తూములో పోసేవాడు. పూట శ్రమంతా వృథా అయిందని నేను గొణిగితే, "గవా లేకుండ కోర్టు కచేరి నడుస్తదా?" అనేవాడు. వారానికొకసారి తన నెత్తురు తానే తీసుకుని దాన్నీ పరీక్షకు పెట్టేవాడు. అది రెండో గవా. జ్వరం లేని మనిషి నెత్తురు ఎట్లా ఉంటుందో పక్కన లేకపోతే జ్వరం ఉన్నవాడిది ఎట్లా చదువుతామని ఆయన ప్రశ్న.

ఆ అలవాటు గొట్టాల దగ్గర ఆగలేదు. ఒకరోజు మంగలి షాపులో క్షురకుడు ఏదో కషాయం గొప్ప చెబుతున్నాడు: మూడు రోజులు తాగితే ఎంతటి జలుబైనా పోతుందట, వాళ్ళ బావమరిదికి పోయిందట. గడ్డానికి సబ్బు నురగతో కూర్చున్న కాకా అద్దంలోంచే అడిగాడు.

"తాగనోనికి పోలేదా?"

"తాగనోన్ని ఎవరు చూసిండ్రు కాకా?"

"గదే అడుగుతున్న. ఎవరు చూసిండ్రు?"

"నీతోని మాట్లాడితే కత్తి జారుతది," అని క్షురకుడు ఆయన మెడ వంచాడు. ఆ ప్రశ్న రాయచూరులో చాలామందిని విసిగించింది. నాకు మాత్రం పోల్చి చూడటమంటే ఏమిటో కళాశాలలో మూడేళ్ళూ ఎవరూ అంత తక్కువ మాటల్లో చెప్పలేదు.

చేరిన కొత్తలో నన్ను తికమక పెట్టింది ఆయన సొంత నెత్తురే. ఇరవై రెట్లు పలుచన చేసిన గొట్టంలో పలుకులు కట్టేది. నలభై రెట్లలోనూ కట్టేది. ఎనభైలో మబ్బుగానే ఉండేది. వారం వారం అదే వరస.

"మీకు టైఫాయిడ్ వచ్చిందా కాకా?"

"యాదికి లేదు. చిన్నప్పుడు వచ్చి పోయిందేమో, మాలూమ్ లేదు. నీది తియ్యి."

నాదీ అంతే. ఇరవైలో గట్టిగా, నలభైలో సన్నగా.

దీనికి కారణం ఉంది. టైఫాయిడ్ క్రిమికి దూరపు చుట్టాల్లాంటి బాక్టీరియా ప్రతి మనిషి పేగుల్లోనూ పుట్టిన కొద్ది రోజుల నుంచే కాపురం పెడతాయి. హాని చేయవు. వాటి ఒంటిమీది గుర్తుల్లో కొన్ని జ్వరక్రిమి గుర్తులను పోలి ఉంటాయి. శరీరం వాటికి ఎదురుగా కొద్దికొద్దిగా ప్రతిరక్షకాలను తయారుచేసి నెత్తుటిలో ఉంచుకుంటుంది. ఏ జబ్బూ పడకపోయినా ఉంటాయి కనుక వాటిని సహజ ప్రతిరక్షకాలంటారు. మనిషిలోనే కాదు, పాలిచ్చి పెంచే జంతువులన్నిటిలోనూ చూసినంత మేరకు ఇదే కథ. వాటి పట్టు పలుచని గొట్టాల్లోకి పోదు. చిక్కటి గొట్టాల్లో మాత్రం జ్వరం ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే వరసలో ఒకదానికంటే ఒకటి పలుచనగా ఆరు గొట్టాలుంటాయి. మొదటి రెండింటిని చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదు.

నేను ఒకసారి అట్లాంటి తీర్పు చెప్పాను.

మాన్వి తాలూకాలో మల్లట్ దాటాక కోస్తా రైతుల క్యాంపు ఒకటి ఉండేది. అటునుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నవాళ్ళ గుడిసెల వరసలనే అక్కడ క్యాంపులంటారు. మా కుటుంబమూ అట్లా వచ్చిందే, వేరే క్యాంపుకు. ఆ క్యాంపులో ఒక పూటకూళ్ళమ్మ ఉండేది. పెళ్ళాం పిల్లలను ఊళ్ళో విడిచివచ్చిన రైతులకూ, ట్రాక్టరు నడిపేవాళ్ళకూ, నాట్లకు వచ్చే కూలీలకూ రెండు పూటలా అన్నం పెట్టేది. భర్త పోయాక ఆమెకున్న జీవనాధారం ఆ రెండు పొయ్యిలే. ఆ వానాకాలం ఆమె దగ్గర తినే ముగ్గురికి టైఫాయిడ్ జ్వరం వచ్చింది. జ్వరం లేకుండానే పేగుల్లో ఆ క్రిమిని మోస్తూ ఇతరులకు అంటించేవాళ్ళు కొందరుంటారు. వంట చేసేవాళ్ళలో అట్లాంటివారుంటే ప్రమాదం చాలా ఎక్కువ. తాలూకా ఆరోగ్యాధికారి ఆ అనుమానంతో ఆమె రక్తం తీసి మాకు పంపాడు. ఆయన అనుమానంలో తప్పు లేదు.

ఆ వారం కాకా మహబూబ్‌నగర్ వైపు బంధువుల పెళ్ళికి వెళ్ళాడు. జ్వరాల రోజులు కావడంతో పరీక్షకు వాడే క్రిముల ద్రవం సీసా అడుగుకు వచ్చింది; కొత్త సీసా రైల్లో రావాలి. పొదుపు చేద్దామని నేను ఆరు గొట్టాలకు బదులు రెండే పెట్టాను. సాక్షి గొట్టం మానేశాను. మర్నాడు రెండూ పలుకులు కట్టాయి. పాజిటివ్ అని రాసి పంపాను. మూడోనాడు క్యాంపువాళ్ళు ఆమె పొయ్యిల మీద నీళ్ళు పోశారు.

కాకా ఊరినుంచి వచ్చిన రోజే ఆమె వచ్చింది. పొట్టిగా, నల్లగా, నుదుటిమీద చెమటతో, ఎవరినీ లెక్కచేయని నడకతో లోపలికి వచ్చి మా ఇద్దరినీ చూసింది.

"నా రకతంలో జొరం ఉందని రాసిన మారాజు ఎవరండీ?"

కాకా స్టూలు జరిపాడు.

"కూసో అమ్మా. ఏమైంది?"

"ఏమవుద్ది? నా చేత్తో తిన్నోళ్ళే నన్ను చూసి ముక్కు మూసుకుంటన్నారు. బిందె ముట్టుకోనీరు. నాట్లు ఇంక నెల్లోపే. ఈలోపు నా పొయ్యి వెలగకపోతే ఇంకోళ్ళు పెడతారు. ఆపైన నేనెక్కడికి పోవాలి? ఊళ్ళో నాకెవరూ లేరు. నాకు జొరమే లేదయ్యా! పుట్టి బుద్ధెరిగాక మంచమెక్కి ఎరగను."

"జరం లేకున్నా ఉండొచ్చమ్మా క్రిమి," అన్నాడు కాకా. ఆమె ముఖం గట్టిపడింది. ఆయన మాట మార్చలేదు. "ఉండొచ్చన్న. ఉన్నదనలే. జర ఆగు." రిజిస్టరు తెరిచాడు. నా వరస మీద వేలు పెట్టి, చాలాసేపు చూశాడు.

"బీయస్సీ, తక్కిన గొట్టాలేవి?"

"ద్రవం అయిపోవస్తోందని..."

"గవా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ఉర్దూలో తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆమెవైపు తిరిగి, "అమ్మా, మళ్ళ ఒక్కపారి నెత్తురియ్యాలె," అన్నాడు.

"మొన్న తీసింది ఏం చేశారు?"

"తక్కువ చేసినం."

ఆమెకు అర్థం కాలేదు. నాకైంది. ఆమె చేయి చాపింది.

కొత్త సీసా వచ్చేదాకా ఆగి ఆరు గొట్టాలూ పెట్టాం. ఆమెది నలభై దగ్గర ఆగిపోయింది. కాకాదీ నలభై. నాదీ నలభై. నాకు ప్రాణం లేచివచ్చింది. అధికారికి వెంటనే ఉత్తరం రాస్తానన్నాను. ఆయన వద్దన్నాడు.

"ఉత్తరం చదువుతడు, పక్కన పెడతడు. కండ్లతోని చూడాలె." టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళి, మాంసం దుకాణం నుంచి చిన్న సీసాతో వచ్చాడు. ఆరోగ్యంగా తిరిగి ఆ పొద్దున్నే కోతకు వచ్చిన గొర్రె నెత్తురు. మరో రెండు రోజులు మా వెనక సందులోని పాలమ్మే గౌళి ఇంటి చుట్టూ తిరిగాడు. అక్కడ ఒక గేదె ఈనడానికి సిద్ధంగా ఉంది. ఈనిన పొద్దున నన్నూ లాక్కుపోయాడు. దూడ ఇంకా తడిగా, కాళ్ళు నిలదొక్కుకోలేక ఊగుతూ ఉంది. కాకా చేతిలో సూది చూసి గౌళి అడ్డం నిలబడ్డాడు.

"కాకా, దూడ ఇంకా తల్లినే చూడలే, నువ్వు సూది పట్టుకొచ్చినవా?"

"పాలు తాగినంక వస్తే ఏం ఫాయిదా? ముంగటే కావాలె."

"నెత్తురు తీసి ఏం జేస్తవ్?"

"దూడకు టైఫాయిడ్ ఉన్నదేమో చూస్త."

"ముంగట నీకు పిచ్చి ఉన్నదేమో చూపించుకో."

"గది కూడ చూపిస్త. నువ్వు మెడ పట్టు."

గౌళి తిడుతూనే మెడ పట్టాడు. మెడ నరం నుంచి రెండు మిల్లీలీటర్లు తీసుకుని, దూడను కాకా తానే ఎత్తి పొదుగు దగ్గర నిలబెట్టాడు. జున్నుపాలు కడుపునిండా తాగాక, రెండోనాడు వెళ్ళి మళ్ళీ తీశాం. పశువుల్లో తల్లి గర్భం నుంచి ప్రతిరక్షకాలు పిల్లకు చేరవు, జున్నుపాలలోనే చేరతాయి. మనిషి బిడ్డ సంగతి వేరు, కొంత గర్భంలోనే అందుతుంది. ఇది నేను పుస్తకంలో చదివాను. ఆయన గౌళి ఇళ్ళు తిరిగి కనుక్కున్నాడు.

ఆరోగ్యాధికారి రాయచూరు వచ్చిన రోజు కాకా గొట్టాల వరసలను కిటికీలో పేర్చాడు. మీద పేర్లు లేవు, సుద్దతో అంకెలే. "సాబ్, మీరే చదవండి. ఎవరిది పాజిటివ్?"

అధికారి బళ్ళారి వైపు మనిషి, నిదానస్తుడు. ఒక్కొక్క వరసా చూసి, మొదటి రెండు గొట్టాలు కట్టినవన్నీ వేరుచేశాడు. ఒక్కటి మాత్రం ఆరు గొట్టాలూ మబ్బుగా మిగిలింది. "ఇది తప్ప అన్నీ అనుమానమే," అన్నాడు.

"ఒకటి ఆ వంటమ్మది. ఒకటి నాది, ఒకటి బీయస్సీది. గిది గొర్రెది సాబ్. గిది పాలు తాగిన దూడది. మీరు మిగిల్చిన మంచిది పాలు తాగని దూడది."

అధికారి నవ్వలేదు. గొర్రె గొట్టాన్ని మళ్ళీ ఎత్తి చూశాడు. "గొర్రెకు టైఫాయిడ్ రాదు కదప్పా."

"నాకూ గదే సమజైంది. మీది కూడ ఇయ్యండి సాబ్."

ఆయన చొక్కా చేయి మడిచాడు. మర్నాడు ఆయనది ఎనభై దాకా కట్టింది, మొన్న ఆ యువకుడి కాగితంలో ఉన్నట్టే. కాకా గొట్టం తట్టి చూపిస్తూ, "సాబ్ గూడ వంట బంద్ చెయ్యాలె," అన్నాడు.

"నేను వంట చేసేదెక్కడ? నా భార్య పొయ్యి దగ్గరికే రానివ్వదు."

"గట్ల బతికిపోయిండ్రు."

ఈసారి అధికారి నవ్వాడు. నవ్వి, ఆ వెంటనే అడిగిన ప్రశ్న మాత్రం సరైనది. "ఆమె నెత్తురులో దోషం తెలియలేదు, సరే. ఆమె మోయడం లేదని మాత్రం ఎట్ల తెలిసింది?"

"తెలవలే సాబ్," అన్నాడు కాకా. "గొర్రె చెప్పింది ఒక్కటే. ఈ పరీక్ష ఆమె గురించి ఏమీ చెప్పదు. మంచిదని చెప్పదు, చెడ్డదని చెప్పదు. మలం గీసి, క్రిమిని పెంచి చూడాలె. క్రిమి ఉంటే గందులనే దొరుకుతది. రోజూ బయటపడదు గాబట్టి దినాలు విడిచి మూడుపార్లు చూడాలె. అందాక ఆమె వండొద్దు."

నేను ఆశ్చర్యపోయాను. గెలిచిన వాదాన్ని ఆయనే సగంలో ఆపాడు. ఇంటికి పోయే దారిలో అదే అడిగాను. "దూడ దగ్గర కూడా మనం నిరూపించింది కొంతే," అని నా చదువు వెలిగించాను. "తల్లి పాలతో వచ్చిందని తెలిసింది. తల్లికి పేగుల్లోంచే వచ్చిందని మనం చూపలేదు." ఆయన ఆగి నా భుజం మీద చరిచాడు. ఆ నెలలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. తర్వాతి కాలంలో ఏ సూక్ష్మజీవీ తగలకుండా పెంచిన జంతువులను పరిశీలించినవారు, వాటి నెత్తుటిలో ఈ ప్రతిరక్షకాలు బాగా తక్కువని చూశారు. అయినా కొన్ని ఉన్నాయి. పేగులు చాలా నేర్పుతాయి. అంతా పేగులే నేర్పుతాయా అన్నది ఇంకా వాదమే. ఆయన ఉంటే 'ఇంకా వాదమే' అన్న ఆ మాటకే ఎక్కువ సంతోషించేవాడు.

పూటకూళ్ళమ్మకు ఈ తర్కం ఏమాత్రం నచ్చలేదు. మలం సీసాలో పెట్టి తెమ్మన్నప్పుడు కాకాను ఎగాదిగా చూసింది. "ముసలితనానికి ఇదేం బుద్ధండీ మీకు?" అంది. అయినా తెచ్చింది. మొదటిసారి తెచ్చినరోజు కోపమూ నవ్వూ కలిసి వస్తుంటే చెప్పింది.

"బస్సులో కండక్టరు సంచీ వాసన చూడబోయాడయ్యా! 'ఏందమ్మా, ఆవకాయనా? మాకు జర పెట్టు' అంటాడు."

"పెట్టినవా?" అన్నాడు కాకా.

"పెడితే మీ లెక్క తప్పుద్దని పెట్టలా."

మేము పోషకద్రవ్యం కాచి, పళ్ళేల్లో పోసి, మలాన్ని గీసి, రోజుల తరబడి మొలిచిన చుక్కలను ఒక్కొక్కటిగా పరీక్షించాం. మొదటిదానిలో క్రిమి దొరకలేదు. రెండోదానికి వచ్చినప్పుడు ఆమె సీసాతో పాటు స్టీలు క్యారియరు తెచ్చింది. గోంగూర పప్పు, అన్నం, మీగడ పెరుగు. తానొక్కతే తినడానికి వండుకుంటున్న పొయ్యి మీద చేసింది.

"అన్నయ్యగారూ, రెండు ముద్దలు తినండి. మీరు తిన్నారని తెలిస్తే మావోళ్ళు నమ్ముతారు."

ఆయన క్యారియరు వైపు చూడకుండా గొట్టాలు కడుగుతున్నాడు. "మూడోది రానీ అక్కా."

"అంటే మీరూ నమ్మరు."

"నువ్వు మంచిదానివని నా మనసు చెప్తది. నా మనసు మాట మీద తిన్నోళ్ళకు రేపు జరమొస్తే, నేనేం జెప్పాలె వాళ్ళ పెండ్లాలకు?"

"నాట్లు మొదలైపోతన్నాయయ్యా! ఆకుమడి తీస్తన్నారు. ఈ వారం దాటితే నా సంగతి ముగిసినట్టే."

"ఎరుక."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. క్యారియరు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం ఆయన తన అన్నం డబ్బా తెరవలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. అప్పటికి నా కోపం నా మీదికి తిరగలేదు. గొట్టాలు ఆదా చేసింది నేను. ఆమె వారాలు ఖర్చు చేస్తున్నది ఆయన. తప్పు ఆయనది అనిపించడం ఎంత సులువో అప్పుడు తెలియలేదు.

మూడోది కూడా శుభ్రంగా వచ్చింది. ముందు నా పాత నివేదికను చింపేద్దామన్నాను. "చింపొద్దు. కింద రాయి," అన్నాడు. కింద ఏం తప్పు జరిగిందో, ఎందుకు జరిగిందో రాసి సంతకం చేశాను. అధికారి అనుమతి కాగితం ఇచ్చాడు. మర్నాడే పొద్దున బస్సులో ఇద్దరం క్యాంపుకు వెళ్ళాం. మడుల్లో నాట్లు మొదలయ్యాయి. కాలువ గట్టున ఆడకూలీలు నీళ్ళు దోసిళ్ళతో తాగుతున్నారు. ఆ ముగ్గురి జ్వరం అక్కణ్ణుంచి వచ్చి ఉండవచ్చు. మేము నిరూపించలేదు.

ఆమె మా మాట విన్నాక గాని పొయ్యి రాజేయలేదు. మధ్యాహ్నానికి వంట అయింది. పాక కింద పొడవాటి బల్లలు, మేకులకు వేలాడుతున్న ఆకుల కట్టలు. క్యాంపువాళ్ళు చాలామంది వచ్చారు, తినడానికి కాదు, చూడటానికి. ముందు నిలబడిన పెద్దరైతు అడిగాడు.

"అయితే ఈమెకి ఏం లేదంటారు?"

"మూడుపార్లు చూసినం. దొరకలే," అన్నాడు కాకా.

"దొరకలేదంటే లేదనేగా?"

"దొరకలేదంటే దొరకలేదనే."

"ఇదేం మాటండీ? రేపు ఎవరికీ జొరం రాదని రాసిస్తారా?"

"ఎవరి కడుపు సంగతీ రాసియ్య. నీది గూడ రాసియ్య. కావాలంటే సీసా ఇస్త, నువ్వూ తెచ్చియ్యి. మూడుపార్లు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక ట్రాక్టరు డ్రైవరు, "పెద్దాయనకి సీసా చాలదు, గంగాళం కావాలండోయ్," అన్నాడు. పెద్దరైతు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. కాకా చేతులు కడుక్కుని ఒక బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె ఆకు వేసి వడ్డించింది. ఆయన పప్పు కలుపుకుని మొదటి ముద్ద తిన్నాడు, రెండో ముద్ద తిన్నాడు, ఇంత నెయ్యి వెయ్యమని ఆకు మీద వేలితో చూపించాడు. డ్రైవరు వచ్చి ఎదుటి బల్ల దగ్గర కూర్చున్నాడు. మిగతావాళ్ళు కదల్లేదు.

పెద్దరైతు మళ్ళీ అందుకున్నాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "అంతా బానే ఉంది. మరి ముందు ఉందని రాసిందెవరు? ఆ కాగితం చూసే గదా మేం ఈమె పొయ్యార్పింది. పాపం మాదా, ఆ రాసినోడిదా?"

ల్యాబులో పొరపాటు జరిగిందని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆయన అంటాడని నేను ఎదురుచూశాను. ఆయన మూడో ముద్ద కలుపుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ఆమె చూపు ఆయన మీద నుంచి నా మీదికి వచ్చింది.

"నేనండీ," అన్నాను. "ఆరు గొట్టాలు పెట్టాల్సిన చోట రెండే పెట్టాను. అవి ఎవరి నెత్తురుకైనా కడతాయి. నాకు తెలిసే పెట్టాను. ఈమె పొయ్యి ఆరింది నావల్ల."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను ఆమె ఊరివైపు వాణ్ణని అప్పుడే ఆనవాలు పట్టినట్టుంది, లేక పట్టిందని నేనే ఊహించుకున్నానేమో. మేకు మీది కట్టలోంచి ఇంకో ఆకు తీసి, నీళ్ళు చిలకరించి, బల్ల మీద కాకా ఆకు పక్కన పరిచింది.

"కూచో అబ్బాయ్. అన్నం చల్లారిపోద్ది."

కాకా నావైపు చూడలేదు. తన ఆకును రెండు చేతులతో పట్టుకుని, నాకు చోటిస్తూ కాస్త పక్కకు జరిగాడు.